గుర్తులు తీసిన సాయంత్రం

దేశం మొత్తానికీ పెద్ద గ్రంథాలయం అది. ముందున్న స్తంభాలు చూడాలంటే మెడ పట్టేసేది. జబ్బు కాలం వచ్చాక అంత భవనంలోనూ మిగిలింది ఇద్దరం, అక్కడ పనిచేసే మా కోడలూ, ఆమెకి తోడెళ్లే నేనూ. కింది అంతస్తుకు ఒంటరిగా దిగకూడదని అక్కడి నియమం. దిగాల్సిన రెండో మనిషి భయపడి రావడం మానేశాడు. తల నెరిశాక కోడలి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. ఇప్పటికీ పెదవులు కదపనిదే ఒక్క వాక్యం చదవలేను. అయినా ఆ కాలంలో జాతి సంపదకి నేనే కాపలా!

కాపలా కాయాల్సిన పెద్దసారు ఇంట్లో కూర్చుని ఫోన్లో బొమ్మై కనిపించేవాడు. వెనక గోడ నిండా పుస్తకాలు. ఒక్కదాని వీపు కూడా నలగలేదు. పుస్తకం పట్టుకుంటే నాకింకా వేళ్లు వణుకుతాయి. ఆయనకవి గోడకి కొట్టించిన సున్నం. పాపం, సున్నమైతే ఇంకా చవగ్గా తేలిపోయేది.

కోడలి భయమంతా మా మనవరాలి గురించే. దానికి పుట్టినప్పటి నుంచీ ఊపిరి బలహీనం. "ఇక్కడిదేదీ ఇంటికి రాకూడదత్తయ్యా" అనేది. చెప్పులు బయటే విప్పి, పెరట్లో తలారా స్నానం చేశాకే గడప తొక్కేది.

తిరిగొచ్చిన పుస్తకాల్ని కింది గదిలో బల్లల మీద కాస్త తెరిచి నిలబెట్టేది, గాలి తగలాలని. మామూలు రోజుల్లో పుస్తకం రాగానే చదివేవాళ్లు లోపల పెట్టుకున్న గుర్తు తీసేయడం మొదటి పని. జబ్బు వచ్చాక, కొన్నాళ్ల గడువు దాటేదాకా పేజీలు ముట్టుకోవద్దన్నారు. దాంతో గుర్తులన్నీ అలాగే ఉండిపోయాయి. బస్సు టికెట్టు, మాత్రల అట్ట, తలపిన్ను. చాలా పుస్తకాలు తెచ్చిచ్చింది చదివినవాళ్లు కాదు, వాళ్ల కొడుకులో భార్యలో. చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు కవరు కొసన పట్టుకొచ్చి, పెట్టెలో పడేసి పోయేవాళ్లు. చదివినవాళ్లు సగంలోనే వెళ్లిపోయారు మరి.

ఆ సాయంత్రం పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, రేపు టీవీవాళ్లొస్తున్నారు. ఆ పుస్తకాల్లో చెత్తంతా లాగి పారెయ్. జాతి సంపదలో మాత్రల అట్టలేంటి, అసహ్యంగా!"

"సార్, ఇంకా గడువు కాలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది..."

"గ్లవ్స్ ఉన్నాయిగా! నేనిక్కడ ఊరికే కూర్చున్నానా?"

నిజమే, ఊరికే కూర్చోలేదు. బిస్కెట్టు నములుతున్నాడు.

ఇద్దరం కిందికి దిగాం. చెమ్మ పట్టిన కాగితం వాసన, దాని అడుగున మందుల వాసన. కరెంటు ఆదా పేరుతో సగం దీపాలు తీసేశారు. గది తలుపు తెరిచేసరికి లోపల సన్నగా ఏదో గుసగుస. ఎక్కడో విన్న చప్పుడే అనిపించింది. ఎక్కడో ఏమిటి... నేను చదివేటప్పుడు నా పెదవులు చేసే చప్పుడే.

"ఎలుకలేమో తల్లీ."

"ఎలుకలు కూడబలుక్కుని చదువుతాయా, అత్తయ్యా?" అంది. నవ్వలేదు.

మొదటి పుస్తకంలో టికెట్టు లాగింది. ఒక మూల గుసగుస తగ్గింది. మాత్రల అట్ట లాగింది. ఇంకో మూల ఆగింది. తను పని ధ్యాసలో పట్టించుకోలేదు. నేను విన్నాను. ఆపమందామంటే నా చెవుల భ్రమేమో అనిపించింది. బుట్ట నిండుతోంది, గది నిశ్శబ్దమవుతోంది. చివరిది తలపిన్ను. అదీ లాగేసింది.

ఏ చప్పుడూ లేదు...

తర్వాత, మా ఇద్దరి మధ్య నుంచి, చాలా దగ్గరగా...

"అమ్మా... నేను ఎక్కడిదాకా వచ్చాను?"

ఎవరూ లేరు. పక్క నుంచి ఇంకో గొంతు. "నేను?" వెనక నుంచి మరొకటి. "నేను...?"

ఏళ్ల తరబడి కౌంటర్లో కూర్చున్న మనిషి మా కోడలు. ఎవరేమడిగినా దానంతటదే నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది తనకి. అదే వచ్చేసింది.

"నాతో రండి, వెతికి ఇస్తాను."

అనేశాక నాలుక కరుచుకుంది. బుట్టలోంచి గుప్పెడు గుర్తులు తీసి మళ్లీ పుస్తకాల్లో కుక్కబోయింది. ఏది ఎందులోదని? ఏ పేజీదని? గుప్పెడూ మళ్లీ బుట్టలోనే పడేసింది.

ఫోన్ మోగింది. పెద్దసారు. ఫోన్ తిప్పి గదంతా చూపించింది.

"బాగుంది, శుభ్రంగా ఉంది" అన్నాడు. అని, మొహం చిట్లించాడు. "అంతమందిని ఎందుకు రానిచ్చావమ్మా లోపలికి? దూరం దూరంగా నిలబడమను! బుద్ధుందా అసలు?"

బుట్ట అక్కడే పడింది. ఎలా పరిగెత్తామో నాకు తెలీదు. మెట్ల మీద మావి రెండు జతల చెప్పులు. వినిపించినవి రెండు కాదు...

గ్రంథాలయం వెనకే మా ఇల్లు. మనవరాలు లోపలి గదిలో పడుకుని ఉంది. మా అబ్బాయి పెరట్లో వేడినీళ్లు సిద్ధంగా పెట్టాడు. నా స్నానమయ్యాక కోడలు చేసింది. చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుంది. పట్టుకెళ్లిన ప్రతిదీ సబ్బుతో కడిగింది. మా అబ్బాయి పెరట్లోనే ఉండి గిన్నెలు బోర్లిస్తున్నాడు.

నేను ముందు లోపలికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. కోడలు తలుపు బార్లా తెరిచి పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త వెనక్కి ఒదిగింది. మళ్లీ ఒదిగింది. మళ్లీ...

"తలుపు వెయ్యి తల్లీ" అన్నాను.

"ఒక్క నిమిషం, అత్తయ్యా." కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, చెయ్యి మాత్రం తలుపు వదలడం లేదు. "ఇంకా ఉన్నారు."

లోపలి గదిలో మనవరాలు దగ్గింది.

దాని పక్కనే ఇంకెవరో దగ్గారు. పెద్దమనిషి. చదువుకునే గదిలో దగ్గినట్టు... నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మర్యాదగా.