ఆగుగడువు

మధ్యాహ్నం నీడ ఎందుకు పొట్టిదవుతుందని అడిగి టీచరు సువర్చల పిల్లల బల్లల వైపు చూసింది. కొండమీది నివాసాల నుంచి వచ్చే శ్రేయాంశ్ బల్ల నీలంగా వెలిగింది. వాడు తల గోక్కున్నాడు, కిటికీలోంచి చూశాడు, తప్పు చెప్పి దిద్దుకున్నాడు. అంతసేపూ, ఇక ముందుకు కదలమని పొడిచే చురుకుపట్టీ ఆమె మణికట్టు మీద కిమ్మనలేదు. జవాబు కోసం టీచరు ఆగాల్సిన ఆగుగడువు నీలిబల్లలకు పుష్కలం.

తరువాతి వంతు నూకరత్నానిది. కరకట్ట కాలనీ పిల్ల, బూడిదబల్ల. బడిలో చేరిన రోజే చిరునామా చూసి అంచనాయంత్రం వేసిన రంగు అది. ఆ పిల్ల నోరు తెరిచేలోపే పట్టీ చురుక్కుమనేది, సువర్చల పక్క బల్లకు వెళ్లిపోయేది, జవాబు లేదని యంత్రం రాసుకునేది. ఈ సాయంత్రం రంగులు ఖాయమవుతాయి. బూడిద ఖాయమైతే రేపటి నుంచి నూకరత్నం రేవు గోదాముల్లోని పనిబడికి పోవాలి. ఇక పుస్తకం ముట్టేది లేదు.

"వేసవిలో పగలెందుకు పొడుగు, రత్నం?"

అడిగి, అలవాటుగా పక్కకు తిరిగింది. తిరిగాక గాని తెలియలేదు, పట్టీ ఇంకా చురుక్కుమననే లేదు. ఇన్నాళ్లూ నేరమంతా యంత్రం మీదికి నెట్టి హాయిగా నిద్రపోయింది. తీరా చూస్తే యంత్రం కంటే తనకే తొందరెక్కువ. సిగ్గేసింది.

వెనక్కి వచ్చి ఆ పిల్ల ముందే నిలబడింది. ఇప్పుడు చురుక్కుమంది. మళ్లీ, ఇంకా గట్టిగా. గోడమీది పాఠం ఆగిపోయింది. పర్యవేక్షణ గదిలోంచి ప్రధానోపాధ్యాయుడు భాస్కరం గారి గొంతు వినిపించింది. గడువు మీరితే ఉపాధ్యాయుల రంగు కూడా మారుతుందని ఆయన మెత్తగా గుర్తుచేశారు. పిల్లలు గుసగుసలాడారు. సువర్చల కాళ్లు పక్క బల్లకు పోదామని పీకుతూనే ఉన్నాయి.

నూకరత్నం బిత్తరపోయి చూసింది. "ఎల్లిపోరేటి టీచరమ్మా?"

"పోను. నువ్వు చెప్పేదాకా ఇక్కడే ఉంటాను."

సువర్చల పట్టీ విప్పి ఆ బల్ల మీదే పెట్టింది. అది అక్కడా గిలగిల్లాడుతూనే ఉంది. పిల్ల దాన్ని కాసేపు చూసి, వేలితో పక్కకు జరిపింది.

"అయితే కాసేపు ఆగండి. ఆలోసిస్తన్నాను."

ఆ మాటను జవాబు కింద రాసుకోవాలో వద్దో యంత్రానికి తోచలేదు. బల్ల మీది బూడిదరంగు ఆరిపోయింది, వేరే రంగు రాలేదు. సువర్చల కదలలేదు.