పలకని పొలిమేర

కుముదపురి, శైలవతి అనే రెండు రాజ్యాల నడుమ అడవిలో ఒక పొలిమేర రాయి ఉండేది. పిలవనిదే ఒకరి నేలపై మరొకరు కాలు పెట్టకూడదనీ, పెడితే శిలైపోతారనీ తాతలనాటి ఒట్టు. కుముదపురి తరఫున అక్కడ కావలి ఉండే వకుళ, రోజూ పొద్దున్నే "క్షేమమేనా?" అని మూడుసార్లు కేకేసేది. ఆపద ఉంటే అవతలివాళ్ళు "రండి" అనాలి. ఏమీ అనకపోతే క్షేమంగా ఉన్నట్టే లెక్క. ఎంత తెలివైన లెక్కో చూశారా పిల్లలూ!

ఏడాదిగా అవతల ఉలుకూ పలుకూ లేదు. వకుళకు ఈ లోకంలో ఉన్నది ఒక్క అక్క సుగాత్రి. ఆమె శైలవతికి కోడలై వెళ్ళింది. ఒకనాడు అక్క రాయి దాకా వచ్చి నోరు తెరిచింది, గొంతు రాలేదు. తమ రాజు ఉగ్రకేతుడు ప్రజలందరి గొంతులనూ రాగి కుండలో బంధించాడని సైగలతో చెప్పి, రమ్మని చేతులు చాచి ఏడ్చింది.

వకుళ పరుగున వెళ్ళి కుముదపురి రాజుకు విన్నవించింది.

"నోటితో రమ్మన్నారా?" అన్నాడు రాజు.

"గొంతే లేదు, నోటితో ఎలా అంటారు మహారాజా?"

"సైగ పిలుపు కాదు తల్లీ. అది వాళ్ళ ఇంటి గొడవ. మనకెందుకు?"

వకుళ ఒంటరిగా వెనుదిరిగింది. అడవిలో తన అడుగుల చప్పుడు తప్ప మరేదీ వినిపించక ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఏడుస్తూనే, ఆ ఒట్టును కాపాడే రాక్షసుడు శిలాముఖుడి గుహకు నడిచింది.

"పిలిచే నోళ్ళు నొక్కేసినవాడికి కూడా నీ ఒట్టు కాపలా కాస్తుందా?" అని అడిగింది.

రాక్షసుడు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నూరేళ్ళలో నన్నెవరూ ఈ మాట అడగలేదే అమ్మాయ్. సరే, వెళ్ళు. గొంతులు విడిపించడం వరకే నీ పని. ఆపైన అక్కడ పెత్తనం చేయాలని మనసులో అనుకున్నా శిలవైపోతావు."

వకుళ పొలిమేర దాటింది. కోట వాకిట మాయపులి అడ్డం వచ్చింది. పాపం, దాని గర్జన కూడా కుండలోనే ఉంది. వకుళ వచ్చిన పని వినగానే ఆ పులే కుండ దగ్గరికి దారి చూపింది. ఆమె కుండ పగలగొట్టింది. తిరిగొచ్చిన గొంతులతో ఊరంతా ఒక్కసారి కేకలు వేసేసరికి ఉగ్రకేతుడు దొడ్డిదారిన పారిపోయాడు.

"నువ్వే మా రాణివి కావాలమ్మా" అన్నారు జనం.

"ఉండిపోవే. ఒక్కదానివీ అక్కడేం చేస్తావ్?" అంటూ సుగాత్రి చెయ్యి పట్టుకుంది.

ఏడాది తర్వాత విన్న ఆ గొంతుకు, రాణిగా ఉండిపోదామా అని వకుళ మనసు ఊగిపోయింది. వెంటనే కాలివేళ్ళు చల్లబడి బిగుసుకున్నాయి.

"మీ నేల మీది. మీలో ఒకరిని మీరే ఎంచుకోండి" అని అక్క చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే అవతల నుంచి పెద్ద గొడవ వినిపించింది. ఎవరు ఏలాలని జనం వాదులాడుకుంటున్నారు. అందరికంటే పెద్ద గొంతు సుగాత్రిదే. మూడు రోజులు అలా అరుచుకుని, చివరికి ఆమెనే రాణిని చేసుకున్నారు. ఆ మూడు రోజులూ వకుళ రాయికి ఆనుకుని కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, ప్రతి మాటా వింది.