హేమలత నిష్ఠ

తెల్లవారుతుండగా కాలువ గట్టు మీద కూతురు పరుగెత్తుతుంటే చూడడం ద్వాలికి కొత్త కాదు. అయినా చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. ఈ పిల్ల నిజంగా నా కడుపునే పుట్టిందా అనిపించేది. పాదం నేలకు తగిలినట్టే ఉండదు, కన్ను మూసి తెరిచేలోపు తుమ్మచెట్లు దాటి వెళ్లిపోతుంది. పొలానికి నీళ్లు కట్టే మగవాళ్లు పారలు పట్టుకుని అలాగే నిలబడిపోతారు.

ఏన్కూరు పక్కన తండాలో పుట్టిన ఇరవై ఏళ్ల హేమలత, ఐదు వేల మీటర్ల పరుగులో దేశం మొత్తం మీద మూడో స్థానంలో ఉంది. హైదరాబాద్ క్యాంపులో శిక్షణ. ఇంకో ఐదు వారాల్లో ఆసియా పోటీలకు సెలక్షన్లు. తీజ్ పండక్కని పది రోజులు సెలవు దొరికి ఇంటికొచ్చింది. ఆమె బొమ్మతో తండా మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. తండ్రి బిచ్యా సత్తుపల్లి బొగ్గు గనిలో టిప్పర్ నడుపుతాడు. డ్యూటీకి పోతూ రోజూ ఆ ఫ్లెక్సీ ముందు బండి ఆపి ఒకసారి చూసుకుని పోతాడు.

పరుగు అయ్యాక ఇంట్లో ఒక పని జరిగేది. కోచ్ రవీందర్ సార్ ఇచ్చి పంపిన బరువు తూచే మిషన్ మీద హేమలత నిలబడేది. అందులో కనపడే అంకెను ద్వాలి ఫోన్‌లో ఫోటో తీసి సార్‌కు పంపేది. అంకె తగ్గిన రోజు సార్ శెభాష్ అని మెసేజ్ పెట్టేవాడు. తగ్గాలని ద్వాలి కూడా మనసులో మొక్కుకునేది. తేలికగా ఉంటేనే వేగం అని సార్ చెప్పాడు మరి. పరుగు సంగతి సార్ కంటే తనకెక్కువ తెలుసా?

తీజ్ తొమ్మిది రోజులూ పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, పూటపూటా నీళ్లు పోసి నారు పెంచుతారు. ఆ రోజుల్లో ఉప్పూ కారం లేని రొట్టె మాత్రమే తింటారు. ఎవరి నారు ఎంత ఏపుగా పెరిగితే ఆ పిల్లకు అంత మేలని నమ్మకం. మిగతా పిల్లలు మూడో రోజుకే మామిడికాయ పచ్చడి దొంగచాటుగా నాలుక్కి రాసుకున్నారు. హేమలత మాత్రం రొట్టెను గుడ్డలో కట్టుకుని, ఎవరూ లేని వేళ చూసి తండా పెద్ద నాయక్ ఇంటి ముందు బుట్టలుంచిన పందిరి కిందికి పోయి, తన బుట్ట దగ్గర కూర్చుని తిని వచ్చేది. ఇంట్లో తినను అనేది. తీజ్ రోజుల్లో ఇంత నిష్ఠ చూడలేదని ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. ఆ మాట విని ద్వాలి పొంగిపోయింది.

ఏడో రోజు ఆ పొంగు చల్లారింది. అందరి నారూ జానెడు లేచి పచ్చగా నిలబడితే, హేమలత బుట్టలోది పసుపెక్కి వాలిపోయింది. అంచు మీద చీమలు బారులు కట్టాయి. అపశకునమని ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు.

ద్వాలి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ రోజు నూట ఇరవై మందికి గుడ్లు పెట్టి, గిన్నెలు తోమి, రెండున్నరకు తండాకు వచ్చింది. పందిరి కింద ఎవరూ లేరు. నాయక్ రూప్‌సింగ్ కంట పడకముందే వాడిపోయిన మొలకలు పీకి, ఎందుకైనా మంచిదని ఇంట్లో విడిగా పెంచిన నారు తెచ్చి నాటేద్దామని ఆమె ఎత్తు. పరువు కోసం చేసే పని కాబట్టి దేవుడు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటాడనుకుంది. మట్టిలో వేళ్లు పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది.

రొట్టె. తను చేసిన రొట్టె. దాని కింద ఇంకొకటి, బూజు పట్టింది. దాని కింద మరొకటి. ఏడు రోజుల రొట్టెలు పొరలు పొరలుగా ఆ మట్టిలో ఉన్నాయి.

ద్వాలి అక్కడే కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఏడు రోజులు అన్నం ముట్టకుండా, ఇన్ని టీలూ నీళ్లూ తాగి ఆ పిల్ల రోజూ పది కిలోమీటర్లు ఎట్లా పరుగెత్తింది? అంత బలమూ ఆ పిల్ల తన మీద తనే వాడుకుంటోందని అప్పుడు అర్థమైంది.

ఇంటికి పోయి ఏమీ అడగకుండా కూతురు వచ్చినప్పటి నుంచీ విప్పని కాలి సాగే పట్టీ కిందికి లాగింది. మోకాలి కింద ఎముక మీద వాపు. వేలు పెడితే హేమలత పళ్లు బిగించింది. ద్వాలి నర్సు జోజమ్మకు ఫోన్ చేసింది. బుధవారాలు టీకాల కోసం తండాకు వచ్చే ఆ మనిషి, కబురందగానే స్కూటీ వేసుకుని వచ్చింది. కాలు చూసింది, నాడి చూసింది, కంటి కింది రెప్ప లాగి చూసింది. నెలసరి ఎన్నాళ్ల నుంచి లేదని అడిగింది. పద్నాలుగు నెలలని హేమలత తల వంచుకుని చెప్పింది. కోచ్‌కు చెబితే మంచిదే, శిక్షణ బాగా పడుతోందని గుర్తు అన్నాడట.

"మంచిది గాదు బిడ్డా," అంది జోజమ్మ. "తిండి లేక నీ పెయ్యి నీ ఎముకనే తింటున్నది. తర్వాత గుండె మీద పడతది. ఇది నిష్ఠ గాదు, రోగం. మందుంది. ముందు పరుగు ఆపాలె. ఖమ్మంల స్కాన్ తీయించి, మీ క్యాంపు డాక్టరుకు అంతా చెప్పాలె."

సాయంత్రం బిచ్యా డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లు ఉడికిపోతోంది. హేమలత కలిపిన ఫోన్‌లో రవీందర్ సార్ గొంతు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తండాలో చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లను గుర్తుపట్టి, మొదటి బూట్లు కొనిచ్చింది ఆయనే. డాక్టరుకు ఇప్పుడు చెబితే కాగితం మీద పడుతుందనీ, పిల్లను పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడనివ్వరనీ, సెలక్షన్లు కాగానే తనే దగ్గరుండి చూపిస్తాననీ బతిమాలాడు. పైస్థాయిలో పరుగెత్తే ఆడపిల్లలందరూ ఇంతేనన్నాడు. బిచ్యాకు అది సబబుగానే తోచింది. ఐదు వారాలే కదా అన్నాడు.

హేమలత తల్లి చేతులు పట్టుకుంది. "నా పెయ్యి యాడీ. నా పరుగు. నేను వద్దంటే మీరెట్ల చెప్తరు?"

పిల్ల అన్నది నిజమే. వయసొచ్చిన మనిషి, ఒళ్లు ఆమెది, కష్టం ఆమెది. ఆమెకు తెలియకుండా చెబితే నమ్మకద్రోహం. చెప్పకుంటే చేతులారా చంపుకోవడం. ఎటు చూసినా దారి లేనట్టే ఉంది. ద్వాలి ఆ చేతులు విడవకుండానే అంది.

"నీదే బిడ్డా, నీ పెయ్యి. కాదన. గానీ దాన్ని రోజూ తూకమేసి పంపింది నేను. అంకె తగ్గితే సంబరపడ్డది నేను. బడిల పరాయి పిల్ల తినకుండ వస్తే, పళ్లెం పట్టుకున్న తీరుకే నాకు ఎర్కైతది. నిన్ను చూసినా ఎర్కైంది. నలుగురు గొప్పగ చెప్పుకుంటున్నరని కండ్లు మూసుకున్న."

హేమలత ఏదో అనబోయింది. ద్వాలి ఆగలేదు.

"రేపటి నుంచి తూకం పంప. నీకు తెల్వకుండ డాక్టరుకు చెప్ప. గానీ ఎవరన్న అడిగితే నా బిడ్డ మంచిగున్నదని అబద్ధం మాత్రం ఆడ. ఇంక నీ ఇష్టం."

బిచ్యా మెల్లగా లేచి కూతురి పక్కన కూర్చున్నాడు. పేపర్లో ఫోటో పడ్డప్పటి నుంచి ఆ బిడ్డను ముట్టుకోవడానికే జంకేవాడు, తన చేతి మసి ఎక్కడ అంటుతుందోనని. ఇప్పుడు ఆమె జబ్బ పట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి దాటిపోయాయి.

"ఏడో తరగతిల కూడ గింత సన్నగ లేకుంటివి," అన్నాడు. ఇంకా లైన్లోనే ఉన్న ఫోన్ తీసుకుని, "సార్, మేం మళ్ల మాట్లాడుతం," అని కట్ చేశాడు.

అప్పుడు ఏడ్చింది హేమలత. దేశం ముందు గెలిచినప్పుడు కూడా ఏడవని పిల్ల, తండ్రి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆకలిని గెలిస్తే పోటీ గెలిచినట్టే ఉండేది బాపూ. ఇప్పుడు తిందామన్నా గొంతు దిగుతలేదు. రొట్టె చూస్తే భయమైతంది. పరుగు పోతే నేనెవరిని?"

ఎవరూ కాకపోయినా ఫరవాలేదన్నట్టు తల్లీ తండ్రీ చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పొద్దున హేమలత తనే క్యాంపు డాక్టరుకు ఫోన్ చేసింది. ఏదీ దాచలేదు. పద్నాలుగు నెలలు, ఎముక వాపు, మట్టిలో రొట్టెలు, అన్నీ చెప్పింది. ఈసారి సెలక్షన్లకు రానంది. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. తలుపు దగ్గర నిలబడి విన్న ద్వాలికి ఒళ్లంతా పులకరించింది. అవతల డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. ముందు స్కాన్, రక్త పరీక్షలు, తర్వాత మనసు వైద్యుల దగ్గరికి, ఎన్నాళ్లయినా సరే అందట. మళ్లీ పరుగెత్తగలవని మాట మాత్రం ఇవ్వలేదు. ప్రాణం నిలబడితే అప్పుడు చూద్దామందట. అపశకునం ఫలించిందని బయట ముసలమ్మలు గొణిగారు. ద్వాలి గొణుక్కోనిచ్చింది.

ఖమ్మం బస్సుకు ఇంకా గంట ఉంది. తీజ్ నియమం పక్కన పెట్టి, ద్వాలి ఒక రొట్టె, గిన్నెలో పప్పు తెచ్చి కూతురి ముందు పెట్టింది. తినేటప్పుడు పళ్లెం వంక చూడొద్దనీ, బలవంతం చేయొద్దనీ జోజమ్మ చెప్పి ఉంది. అందుకని పక్కకు తిరిగి ఆకువక్క నములుతున్నట్టు కూర్చుంది కానీ, ప్రాణమంతా చెవుల్లోనే ఉంది.

హేమలత రొట్టె తుంచింది. చేతిలో పట్టుకుని ఉండిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది. నోట్లో పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. మింగింది. మళ్లీ తుంచింది. ముక్క జారి పప్పులో పడింది, మళ్లీ తీసుకుంది. ఒక్కో ముద్దకు ఒక్కో కొండ ఎక్కుతున్నట్టు ఆయాసపడింది. ద్వాలి చూడకుండా ఉండలేకపోయింది. గుక్కెడు నీళ్ల కోసం లేచినట్టు లేచి, అక్కడే నిలబడి గుడ్లప్పగించి చూసింది. మనిషి అన్నం తినడం ఇంత పెద్ద సంగతని ఇన్నేళ్లు వండి పెట్టిన ఆమెకు తెలియదు.

ముప్పావుగంట పట్టింది సగం రొట్టెకు. హేమలత మిగతాది ముందుకు జరిపి, తప్పు చేసినదానిలా తల్లి ముఖంలోకి చూసింది.

"గింతే యాడీ. ఇయ్యాల ఇంతకంటే నాతోని కాదు."

జీవితంలో ఏ పిల్లకూ ఇంకో ముద్ద పెట్టకుండా వదలని ద్వాలి పళ్లెం పక్కకు తీసి, కొంగుతో కూతురి నుదురు తుడిచింది.

"సాలు బిడ్డా," అంది. "సాలు."