మనిషి ఉన్న గొడుగు

మా నాన్న గొడుగు పీకేసిన మనిషితో పోట్లాడడానికి వెళ్ళి, ఆ మనిషినే ప్రేమించాను. ఇందులో నా తప్పేమీ లేదు. తెల్లవారకుండానే వెళ్ళి ఇసుకలో గొడుగు పాతి రమ్మని నాన్నకు నేను చెప్పలేదు.

మా నాన్న ఎవరిస్తో సముద్రానికి దూరంగా ఉండే పాలెన్సియా ఊళ్ళో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయనకు సెలవులు కూడా రైలుబండే, ఎక్కడ ఆగాలో ఎప్పుడు కదలాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఆగస్టు రాగానే ఇంటిల్లిపాదినీ కారులో కుక్కి తొలేదో, కోర్దోబా, గ్రనాడా చూపించి, కొండ దిగి సముద్రం ఒడ్డున కొన్నాళ్ళుంచి, అక్కడి నుంచి మాలగా, కాదిస్ తీసుకెళ్తాడు. ఏటా అవే ఊళ్ళు, అదే వరస. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా వెనక సీట్లో నానమ్మ ఫెలీసాకీ ఐసుపెట్టెకీ మధ్యనే నా చోటు. ఈ ఏడు కూడా కోర్దోబాలో మిట్టమధ్యాహ్నం మాడిపోయే ఎండలో వీధులన్నీ తిప్పాడు. గ్రనాడా కోటలో పోయినేడు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. మేము తలలూపాం. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

సముద్రం దగ్గర ఆయన పట్టుదల ఒక్కటే. మా గొడుగు నీళ్ళకు ఎదురుగా, ముందు వరసలో ఉండాలి. అందుకని చీకటి విడకముందే వెళ్ళి ఆకుపచ్చ చారల గొడుగు పాతి, అద్దెకు దిగిన ఇంటికొచ్చి తాపీగా కాఫీ తాగుతాడు. ఎండ ముదిరాక మేమంతా వెళ్ళి దాని కింద చేరతాం. లోపలి ఊళ్ళ నుంచి వచ్చే నాన్నలందరిదీ ఇదే పద్ధతి. ఈ ఏడు మాత్రం ఆ ఊరివాళ్ళు బోర్డు పెట్టారు, మనుషులు లేని గొడుగులు తీసేస్తామని. నాన్న అది చదివి, మనలాంటి పాతవాళ్ళకు కాదులే అన్నాడు. ఆ రోజే గొడుగు మాయమైంది. తీసుకురమ్మని నన్ను పంపాడు.

ఒడ్డు చివర షెడ్డులో గొడుగుల గుట్ట ఉంది. పక్కనే బోర్లించిన బకెట్ మీద, ఎండకు కమిలిన ముక్కుతో ఒక అమ్మాయి కూర్చుని పీచ్ పండు తింటోంది. మునిసిపాలిటీ చొక్కా మీద కాందేలా అని పేరు కుట్టి ఉంది.

"ఆకుపచ్చ చారలది మాదండీ" అన్నాను.

"మాది అంటే?"

"మా నాన్నది."

"మరి ఆయన రాలేదేం?" అని పైనుంచి కిందిదాకా చూసింది. "పొద్దున్నుంచి వచ్చినవాళ్ళంతా నా మీద అరిచిపోయారు. నువ్వేంటి, బడికి లేటైన పిల్లాడిలా నించున్నావ్?"

నాకు ఒళ్ళు మండింది. "పెద్దాయన నిద్ర మానుకుని పాతిన గొడుగు. పీకడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"హమ్మయ్య, నోరుంది నీకు" అంది. "విను. గొడుగు కింద మనిషుంటే దాని జోలికి నేనే కాదు, మేయరు కూడా రాడు. మనిషి లేని గొడుగు నాకు చెత్తతో సమానం. మీ నాన్నకి చెప్పు."

గుట్టలోంచి మా గొడుగు లాగి నా చేతికిచ్చింది. ఇంటికెళ్ళి చెప్పాను. నాన్న ఆ పిల్లనూ ఆ ఊరినీ కలిపి తిట్టాడు. అప్పుడు నేను, రేపటి నుంచి గొడుగు కింద నేను కూర్చుంటాలే నాన్నా, అన్నాను. నాన్న నా భుజం తట్టాడు. ఇన్నాళ్ళకు కొడుకు అక్కరకొచ్చాడని అమ్మతో చెప్పుకుని మురిసిపోయాడు. పాపం, ఆయనకేం తెలుసు.

ఆ పొద్దుటి పూటలు నా జన్మలో మరిచిపోను. కాందేలా తోపుడుబండి తోసుకుంటూ దిక్కులేని గొడుగులన్నీ పీకుతూ వచ్చేది. మా గొడుగు దగ్గరికి రాగానే ఆగి, లోపలికి వంగి చూసి, మనిషున్నాడా లేడా అని పైకే అనుకునేది. నేను ఉన్నానని చెయ్యెత్తేవాణ్ణి. బండి అక్కడే వదిలేసి కబుర్లు మొదలుపెట్టేది. రానురాను ఆ బండి ఆగడం ఎక్కువైంది, గొడుగులు పీకడం తగ్గింది.

ఒక మధ్యాహ్నం ఆమె అటుగా వెళ్తూ మమ్మల్ని చూసింది. మా అమ్మ మారిసాకి ఒక భయం ఉంది. తిన్న తర్వాత రెండు గంటలు గడవకుండా నీళ్ళలో దిగితే అరుగుదల ఆగి మనిషి అక్కడికక్కడే పోతాడట. అందుకే భోజనం కాగానే మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి, వాచీ చూసుకుంటూ కాపలా కాస్తుంది. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని, మీసాలొచ్చిన నేను చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న కాందేలా నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎన్నింటికి వదిలింది మీ అమ్మ?"

"మీ అమ్మ చెప్పదా?"

"రోజూ చెబుతుంది. నేనెప్పుడు విన్నాను గనక? చూడు, దుక్కలా ఉన్నా." ఉన్నట్టుండి నవ్వు మానేసింది. "గొన్సాలో, నీకేం కావాలో ఎప్పుడైనా గట్టిగా అన్నావా నువ్వు?"

"నువ్వు కావాలి" అన్నాను, ఇసుక వైపు చూస్తూ.

"గట్టిగా అన్నావా అని అడిగాను" అంది. బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మాలగా వెళ్ళే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున గొడుగు తీసుకుపోదామని వచ్చిన నాన్న మమ్మల్నిద్దర్నీ దాని కింద చూశాడు. కారు దగ్గరికి వెళ్ళాక అన్నాడు, "మన గొడుగు పీకిన పిల్ల. ఇలాంటి సరదాలు సముద్రం దగ్గరే వదిలెయ్యాలి. ఎక్కు."

సామాన్లు సర్దేశారు. అమ్మ ముందు కూర్చుంది. నానమ్మ పక్కన నా చోటు ఖాళీగా ఉంది. ఎక్కితే అంతే. వచ్చే ఏడు మళ్ళీ ఇదే సీట్లో కూర్చుని తలూపుతూ వస్తాను, ఆ అమ్మాయి ఇంకెవరి గొడుగు దగ్గరో బండి ఆపుతుంది. డిక్కీ తెరిచి, గొడుగు లాక్కుని, నేరుగా ఇసుకలోకి నడిచాను. ముందు వరసలో పాతాను. దాని కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

హారన్ మోగింది. మళ్ళీ మోగింది. చివరికి ముగ్గురూ దిగివచ్చారు, అమ్మ చేతిలో తిండి సంచీ, నానమ్మ చంకలో మడత కుర్చీ. బండితో కాందేలా కూడా వచ్చి పక్కన నిలబడింది.

"అది నా గొడుగు" అన్నాడు నాన్న.

"నీదే. పీక్కో."

నాన్న పీకబోతూ గొడుగు కర్ర పట్టుకున్నాడు.

"పెద్దాయనా, చెయ్యి తియ్యండి" అంది కాందేలా. "కింద మనిషున్నాడు. ఎవరి గొడుగైనా సరే, మనిషుంటే పీకకూడదు. అది రూలు."

నాన్న చెయ్యి కర్ర మీదే ఆగిపోయింది. అటూ ఇటూ గొడుగుల కిందివాళ్ళు పేపర్లు దించి చూస్తున్నారు. అందరికీ వినబడేలా అన్నాను.

"నాన్నా, నాకు కాందేలా అంటే ఇష్టం. నా సెలవు ఇంకా ఉంది, అది ఇక్కడే గడుపుతా. కారులో నా చోట్లో ఐసుపెట్టెని హాయిగా కూర్చోబెట్టుకోండి."

"ఇప్పుడు వినబడింది" అంది కాందేలా మెల్లగా.

నానమ్మ తన మడత కుర్చీ తెరిచి నా పక్కన వేసుకుంది. "మాలగా నేను చాలాసార్లు చూశాన్రా ఎవరిస్తో. నువ్వెళ్ళి రా" అని బూట్లు విప్పేసింది.

ఇంతలో గాలి వీచి గొడుగు ఒరిగింది. నేను పాతింది అంతంతమాత్రమే. నాన్న కాసేపు చూశాడు, ఇక చూడలేకపోయాడు.

"ఇలాగా పాతేది? గాలి తూర్పు నుంచి వస్తుంటే?" అని గొణిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కర్రను ఇసుకలోకి లోతుగా దింపాడు. చుట్టూ తడి ఇసుక పోసి అరచేత్తో దట్టించాడు. అంత గట్టిగా పాతిన గొడుగును ఏ మనిషీ ఆ పూటే పీకడు.

అమ్మ దారిలో తినడానికి చేసిన బంగాళాదుంప ఆమ్లెట్టు విప్పి, కాందేలాకి కూడా ఒక ముక్క పెట్టింది. కాందేలా అది తినేసి, చెప్పులు వదిలి నీళ్ళ వైపు కదిలింది.

"ఏమ్మా, తిని ఎంతసేపయింది?" అంది అమ్మ వాచీ చూస్తూ.

ఆ మాట మా అమ్మ పరాయి పిల్లల్ని ఎప్పుడూ అడగదు. కాందేలాకి అది అర్థమైంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడే అత్తా" అంది. నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది.

వెనక అమ్మ రెండు గంటల గురించి ఏదో అంటూనే ఉంది. నేను నడుంలోతు దాకా వెళ్ళి మునిగి లేచాను. నాకేమీ కాలేదు.