రెండో సమ్మెట

వెర్లిన్ స్టిడమ్ కొలిమికొట్టంలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కిటికీలకి బంగాళాదుంపల గోనెలు మేకులతో కొట్టి వెలుతురు రాకుండా మూసేశాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ ముసలాడికి అద్దాలు వేయించుకోవడానికి కూడా చేతులు రావేమో అని నవ్వుకునేవాళ్లు. ఎండలో ఇనుము అబద్ధమాడుతుందనీ, చీకట్లో చూస్తేనే అది ఎంత కాలిందో చెబుతుందనీ ఆయన వాదన. నారింజరంగు దాటి వెన్నరంగు వచ్చే ఆ రెప్పపాటు తప్పిందా, అతుకు పడదు. పొద్దుటి నుంచి పడ్డ చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

కెంటకీ కొండల మధ్య, ఏరు ఒక్కటే తిన్నగా పారగలిగేంత ఇరుకు లోయ అది. అక్కడ కూచుని ఆయన చేసేది ఒకటే సరుకు, టోమహాక్. విసరడానికి వీలైన చేతిగొడ్డలి. ఏటా ఆకులు రాలే కాలంలో చుట్టుపక్కల కొండవాళ్లు ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని, తాతలనాటి తుపాకులు పేల్చి, దుంగలకి గొడ్డళ్లు విసిరి పందేలు కాస్తారు. ఆ తిరనాళ్లలో వెర్లిన్ చేసిన గొడ్డలి నడుముకి ఉంటే మనిషి నడకే మారిపోయేది. అలుగు మీద వెండి నెలవంక, పిడికి ఇత్తడి తీగ, నడిమధ్యన ఇటునుంచి అటు కనబడేలా తొలిచిన గుండె బొమ్మ. చూడబోతే పెళ్లికూతురు. విసిరితే మాత్రం దుంగలో దిగబడి ఊగేది.

ఆ రెండూ ఒక్క గొడ్డలిలో కుదర్చడమే విద్య. సోకు ఎక్కువైతే ఇనుము పలచబడుతుంది, ఇనుము ఎక్కువైతే సోకు చచ్చిపోతుంది.

"గుండె కింద వేలెడు ఇనుము వదులు అన్నా. లేకపోతే అది గొడ్డలి కాదు, దువ్వెన" అనేవాడు తమ్ముడు ఎస్టిల్.

"కొట్టడానికి వచ్చినవాడివి కొట్టు. చెక్కేవాడికి చెప్పకు" అనేవాడు వెర్లిన్. అని, వేలెడు ఇనుము వదిలేవాడు.

ఎస్టిల్ ఆయన సమ్మెటవాడు. అన్న చిన్న సుత్తితో కాలిన ఇనుము మీద టక్కున తడితే, తమ్ముడి సమ్మెట సరిగ్గా అక్కడే ధన్‌మని పడాలి. మధ్యలో మాటలుండవు. పని ఆపాలంటే అన్న తన సుత్తితో ఇనుము పెట్టి కొట్టే దాగలి అంచుని రెండుసార్లు మోగిస్తాడు. ఆ మోత చెవిన పడేదాకా సమ్మెటవాడు ఆగకూడదు, కొట్టం తగలబడుతున్నా సరే. ఆ కొండల్లో కమ్మరివాళ్లందరిదీ అదే కట్టుబాటు.

చలికాలం చివర ఎస్టిల్ పోయాడు. పోయింది కూడా దాగలి దగ్గరే. అన్న తట్టాడు. సమ్మెట పైకి లేచింది, దిగలేదు. గుండె ఆగి ఎస్టిల్ వెల్లకిలా పడిపోయాడు.

ఆ తర్వాత వెర్లిన్ కొలిమి ముట్టించలేదు. గడ్డం గీసుకోలేదు. పెట్టింది తినలేదు. ఎస్టిల్ కూతురు ఆల్టా రోజూ చిక్కుడు గింజల పులుసూ, మొక్కజొన్న రొట్టే పట్టుకొచ్చి, నిన్నటి గిన్నె నిండుగానే వెనక్కి పట్టుకెళ్లేది. నలభైకి దగ్గరపడ్డ మనిషి ఆల్టా. తల్లి చిన్నప్పుడే పోయింది, పెళ్లి నిలవలేదు, పనిచేసే చొక్కాల మిల్లు మూతపడింది. లోకంలో తనదని చెప్పుకోవడానికి ఈ పెదనాన్న ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా కుర్చీలో కూర్చునే కరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. ఒకరోజు గిన్నె పక్కన పెట్టి, గోడకి ఆనించిన తండ్రి సమ్మెట భుజాన వేసుకుంది.

"నీకేం చేతనవుతుందే? బొత్తాలు కుట్టుకునేదానివి" అన్నాడు వెర్లిన్.

"నాన్న మొదటి రోజు నీ బొటనవేలు చితక్కొట్టాడటగా. అంతకంటే చెడగొట్టనులే. ముట్టించు పెదనాన్నా."

ఎన్నాళ్లకో ముసలాడి పెదవి పక్కకి సాగింది. ఇనుముతో కూడితే అగ్గికైనా సమ్మెటపోట్లు తప్పవంటారు. ఆల్టా ఆ మాట ఎరక్క కాదు, ఆ నవ్వు కోసం ఆ పోట్లకి ఒప్పుకుంది.

ఎండాకాలమంతా ఆమె భుజాలు పుండ్లయ్యాయి. అయినా చెయ్యి కుదిరింది. ఆయన తినడం మొదలుపెట్టాడు, తిట్టడం కూడా మొదలుపెట్టాడు. ఆల్టాకి అంతకంటే ఏం కావాలి? తిరనాళ్ల కోసం గుండె బొమ్మ ఉన్న గొడ్డలి ఒకటి చెయ్యడానికి ఒప్పుకున్నారు. అందులో ఆల్టా వంతుకి వచ్చింది పెద్దపని, ఇనుమునీ ఉక్కునీ కలిపే అతుకు పని.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. రేకుల కప్పు మీద ఒకటే హోరు. కొట్టంలో బొగ్గు పొగ, తడిసిన గోనెల వాసన. మడిచిన ఇనుము మధ్యలో ఉక్కు నాలుక పెట్టి, అతుకు పట్టడానికి వెలిగారం పొడి చల్లి, వెర్లిన్ దాన్ని నిప్పుల్లో దూర్చాడు. నారింజ... పసుపు... వెన్న. పట్టకారుతో లాగి దాగలి మీద పెట్టాడు.

టక్.

ఆల్టా సమ్మెట దించింది. ధన్.

ఆమె సమ్మెట ఇంకా పైకి లేవలేదు.

ధన్.

నిప్పురవ్వలు రెండోసారి చిమ్మాయి. ఆల్టా ఉలిక్కిపడి పెదనాన్న వంక చూసింది. ఆయన చెయ్యి ఆగలేదు, తట్టుకుంటూ పోయాడు. టక్. ధన్. ధన్. ఇద్దరు సమ్మెటవాళ్లు ఎదురెదురుగా నిలబడి కొట్టే వరస. అతుకు నీళ్లలో నీళ్లు కలిసినట్టు పడింది. ఆయన దాగలి అంచు మోగించాడు. అంతా నిశ్శబ్దం.

"పెదనాన్నా... నేను కొట్టింది ఒక్కటే" అంది ఆల్టా గుసగుసగా.

"తెలుసు." ఆయన కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "ఆవేళ నేను ఆపమని మోగించలేదే. వాడు పడిపోతే పట్టుకోడానికి పరిగెత్తా, సుత్తి ఎక్కడ పడేశానో కూడా తెలీదు. ఆ తట్టుకి దెబ్బ బాకీ ఉండిపోయాడు వాడు."

"ఇప్పుడు మోగించావుగా. ఇంక పంపించెయ్."

"రేపు" అన్నాడు ఆయన.

ఆ రేపు రాలేదు. నిజం చెప్పాలంటే ఆల్టా కూడా గట్టిగా అడగలేదు. ఎందుకడుగుతుంది? వచ్చింది నాన్న. మర్నాడు కాఫీ మూడు కప్పుల్లో పోసి తెచ్చింది. దాగలికి అవతల ఉన్న మొద్దు మీద ఒకటి పెట్టింది. ఆమెకి భయం వెయ్యలేదు, కడుపు నిండిపోయింది. సాయంత్రం ఆ కాఫీ మీద మసి తేలుతుంటే పారబోసి, మర్నాడు మళ్లీ పోసింది.

గుండె బొమ్మ తొలిచినరోజు మొదటిసారి వేరేగా అనిపించింది. వెర్లిన్ వేడి ఉలితో గుండె ఆకారం చక్కగా తీశాడు. కింద వేలెడు ఇనుము వదిలాడు. అలుగు కాస్త వంకర పోయిందని మళ్లీ కాల్చి, చదును చెయ్యడానికి మెల్లిగా తట్టాడు. టక్. ఆల్టా మెల్లిగా కొట్టింది. రెండో సమ్మెట మెల్లిగా కొట్టలేదు.

ధన్. ధన్. ధన్.

తీరా చూస్తే గుండె లేదు. ఇనుము మూసుకుపోయింది. అతుకు గీత కూడా కనబడలేదు.

"వాడికి ఎప్పుడూ సోకులంటే పడదు" అన్నాడు వెర్లిన్, నవ్వబోయి.

"నాన్నకి పడకపోవడమేంటి? మా అమ్మకి ఇచ్చిన గొడ్డలి మీద గుండె ఆయనే చెక్కాడు."

ఆయన మళ్లీ తొలిచాడు. మళ్లీ మూసుకుపోయింది. మూడోసారి వెండి నెలవంక పొదిగితే, వెండి ఎటు పోయిందో కూడా తెలియలేదు. ప్రతి దెబ్బకీ అలుగు సన్నబడుతోంది, కోసే అంచు, వాదర, పొడుగవుతోంది. వేలి మీద ఆనిస్తే గొడ్డలి కదలకుండా నిలబడుతోంది. అందమంటూ ఒక్క చుక్క లేదు. పని చెయ్యడానికి తప్ప ఇంకెందుకూ పుట్టని వస్తువు అది. ఏం పని అన్నది ఆల్టా ఆలోచించదలుచుకోలేదు.

ఆమె కొట్టడం మానేసి, వినడం మొదలుపెట్టింది. ఎస్టిల్ సమ్మెట దించేటప్పుడు "హుఁ" అని ఊపిరి వదిలేవాడు. చిన్నప్పుడు ఇంట్లో పడుకుని, ఏటి అవతల నుంచి వచ్చే ఆ చప్పుడు వింటూ నిద్రపోయేది. టక్, హుఁ, ధన్.

ఇప్పుడు వింటోంది. టక్... ధన్. టక్... ధన్. మధ్యలో ఏమీ లేదు.

"పెదనాన్నా." ఆయన భుజం పట్టుకుంది. "అది... ఊపిరి తియ్యట్లేదు."

ఆయన తట్టడం ఆపలేదు.

"పెదనాన్నా, అది నాన్న కాదు!"

"తెలుసే."

"ఎప్పట్నుంచి?"

"వాన రోజు నుంచీ." ఆయన తలెత్తలేదు. "వాడి దెబ్బ నాకు తెలీదా? వాడు ఖాళీ చేసిన చోట ఇది వచ్చి నిలబడింది. ఎవరో, ఎక్కణ్ణుంచో... నాకెందుకు? తడితే ఎదురుగా దెబ్బ పడుతోంది. ఆ చప్పుడు లేకపోతే ఈ కొట్టంలో నేను కూర్చోలేనమ్మా."

ఆల్టాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన చేతిలోంచి సుత్తి లాక్కుంది. దాగలి అంచు మీద రెండుసార్లు మోగించింది. ఆగు. ఆగు.

నిశ్శబ్దం. వాన లేదు, గాలి లేదు. బొగ్గులు చిటపటమంటున్నాయి.

ధన్.

ఆమె సుత్తి మోగించిన చోటే, అంచు మీద. ఆమె వేళ్లకి గోరంత దూరంలో. దాగలి అంచు పెంకులా లేచిపోయింది. వాన రోజు ఆగినట్టు నటించిందేమో, ఆ కనబడని సమ్మెటకి ఆగడం రాదు. తట్టింది ఎవరైనా, ఎక్కడైనా... తట్టిన చోట కొట్టడమొక్కటే దానికి తెలుసు.

ఆమె భయంతో వెనక్కి అడుగేసింది. చెప్పు మడమ నేల మీద టక్కుమంది.

వెర్లిన్ అంత ముసలాడైనా ఒక్క ఊపులో ఆమెని పక్కకి తోసేశాడు. ఆమె నిలబడ్డ చోట నేల గుంటపడింది. ఆయన అప్పటికే నిప్పుల్లోంచి ఇనుము లాగి దాగలి మీద పెట్టి తడుతున్నాడు. టక్ టక్ టక్. దాన్ని పిలుస్తున్నాడు.

"పో! వేడి ఇనుము ఉన్నంతసేపు అది ఇక్కడే ఉంటుంది. పోవే!"

"నువ్వూ రా!"

"నేను ఆపితే అది నీ వెనకే వస్తుంది. అడుగు చప్పుడు కాకుండా పో తల్లీ."

ఆల్టా చెప్పులు చేత పట్టుకుని బయటపడింది. వెనక, లోపల్నుంచి గడియ పడింది.

ఆ రోజు నుంచి లోయంతా ఆ మోతే. ఎవరికి చెప్పుకుంటుంది? ముసలాడు పనిలో పడ్డాడని ఊళ్లోవాళ్లు సంతోషించారు. ఆమె రోజూ కాళ్లకి గుడ్డలు చుట్టుకుని వెళ్లి గుమ్మం ముందు గిన్నె పెట్టేది. "పెదనాన్నా, ఒక్కసారి తలుపు తియ్యి" అని గోనె సందులోంచి బతిమాలేది. జవాబుగా మోత ఒక్కటే. గిన్నె ఖాళీ అయ్యేది, దాని పక్కన ఒక గొడ్డలి ఉండేది. వెండి లేదు, గుండె లేదు, ఒట్టి వాదర. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే ఎప్పుడు తెగిందో తెలియకుండానే వేళ్ల నిండా నెత్తురు. తిరనాళ్లు వచ్చాయి, వెళ్లాయి. ఆమె ఆ గొడ్డళ్లు ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు, ఏట్లో పారేసింది.

తర్వాత మంచు పడింది. గిన్నెలో పులుసు గడ్డకట్టి అలాగే ఉంది. మర్నాడూ అలాగే ఉంది. కొట్టం పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు, కప్పు మీద మంచు కరగలేదు. అయినా మోత ఆగలేదు. టక్. ధన్. టక్. ధన్.

పట్టపగలు, ఎండ మంచు మీద మెరుస్తుండగా, ఆల్టా గునపం తీసుకుని వెళ్లింది. ఆయన్ని ఈడ్చుకునైనా తెచ్చుకుందామని. తలుపు సందులో గునపం దూర్చి బలమంతా పెట్టింది. గడియ విరిగింది.

మోత ఆగిపోయింది.

కొలిమిలో నిప్పు లేదు. బూడిదలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. దాగలి పక్కన వెర్లిన్ గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, గడ్డం నిండా మంచు పొడి. పోయి రెండు మూడు రోజులై ఉంటుంది. ఆయన సుత్తి ఆయన పిడికిలిలోనే ఉంది, వేళ్లు దాని చుట్టూ కొయ్యబారిపోయాయి.

"పెదనాన్నా... ఒక్కడివే..." ఆల్టా మోకాళ్ల మీద కూలబడింది. బతికుండగా తెచ్చుకోలేకపోయింది, కనీసం నాన్న పక్కన పడుకోబెట్టాలి. ఆయన్ని లేవదీయడానికి, అడ్డంగా ఉన్న తండ్రి సమ్మెట తీసి పక్కన పెట్టబోయింది.

పిడి వెచ్చగా ఉంది.

ఆమె మెల్లిగా తల తిప్పింది. దాగలి మీద ఇనుము ముక్క ఉంది. నారింజరంగులో. వెనక తలుపు ఎప్పుడు మూసుకుపోయిందో, ఆ చీకట్లో కొట్టమంతటికీ వెలుగు అదొక్కటే.

టక్.

ఇనుము మీద, చిన్నగా. సమ్మెట దెబ్బ కాదు. ఎక్కడ కొట్టాలో చూపించే తట్టు.

ఆల్టా కదల్లేదు. పెదనాన్న పిడికిలి వంక చూసింది. సుత్తి అక్కడే ఉంది.

టక్. ఈసారి కాస్త గట్టిగా. సమ్మెటవాడు ఆలస్యం చేస్తే మేస్త్రి తట్టినట్టు.

మూడో తట్టు ఇనుము మీద పడలేదు. పెదనాన్న నుదుటి మీద పడింది. మంచు పొడి కొంచెం రాలింది.

"వద్దు... కొడతా. ఇనుమే కొడతా" అంది ఆల్టా.

టక్. మళ్లీ ఇనుము మీద.

ఆమె సమ్మెట ఎత్తింది.