దగ్గు లేని గొంతు

ఎనభై నాలుగు వేసవిలో, హామ్ రేడియో లైసెన్సులున్న మేం ముగ్గురం కలిసి ఒక వైర్‌లెస్ స్టేషన్‌ను రేకు పెట్టెలోకి ఎక్కించాం. స్కూటర్ బ్యాటరీ, సెట్టు, వెదురు గడకు కట్టిన ఏరియల్. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. కాశిబుగ్గలో మా డాబా మీంచి నేను మాట్లాడితే మరిపెడలో ఉన్న వీరభద్రానికి నేరుగా అందదు. అందుకని నడుమ ఎనుమాములలో, కిషన్ రావు వాళ్ల ఎత్తైన మిరప గోదాంలో పెట్టె పెట్టాం. విన్న మాటను కిషన్ మళ్లీ చెప్పాలి, చివర తన పేరు కలపాలి. అది మేం పెట్టుకున్న నియమం.

ఆ రోజు అమావాస్య. మిరప మార్కెట్ బంద్, గోదాంలో కిషన్ ఒక్కడే. పొద్దుగూకే వేళ మొదలుపెట్టాం. మిరప గోదాంలో పుట్టి పెరిగినవాడైనా దగ్గకుండా ఉండలేడు. కిషన్ మాటమాటకూ దగ్గుతుంటే నాకు నవ్వొచ్చింది.

కింద వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. చీకటి పడింది. మరిపెడ నుంచి వచ్చిన మాటను కిషన్ తిరిగి చెప్పాక, చివర ఈసారి రెండు పేర్లు వినిపించాయి.

"కిషన్ రావు... గట్టయ్య."

రెండో పేరు చెప్పిన గొంతు కొత్తది. దగ్గు లేదు.

"గట్టయ్య ఎవడ్రా?" అన్నాను మైకులో.

"ఎవరు లేరన్నా... ఒక్కన్నే ఉన్న," అన్నాడు కిషన్ దగ్గుతూ.

నేను నమ్మలేదు. ఆటపట్టించడంలో వాడు ముందుంటాడు. లైసెన్సు లేనివాడి చేతికి మైకు ఇచ్చాడని తెలిస్తే మా ముగ్గురి కొంపా మునుగుతుంది. పైకి కోపంగానే ఉన్నాను గానీ లోపల ఇంకేదో పీకుతోంది. పక్కన నిజంగా ఎవడో ఉంటే, వాడికి దగ్గు రాదేం?

కాసేపటికి కిషన్ గుసగుసలాడాడు.

"అన్నా... నా ఎనుక ఎవడో మాట్లాడుతాండు. జర జల్ది రా..."

దగ్గు ఆగింది. మళ్లీ మరిపెడ మాట వచ్చింది. చివర ఒక్కటే పేరు.

"గట్టయ్య."

సైకిలెక్కి ఎనుమాముల వైపు తొక్కాను. వాడికేమైనా అయితే వాళ్లమ్మ సుగుణక్కకు ఏం మొహం చూపించాలి? నాటకమైతే చెంప పగలగొడదామనుకున్నాను. నాటకమే కావాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

గోదాం తలుపు ఓరగా ఉంది. అడుగు పెట్టగానే ఘాటు... కళ్లలో నీళ్లు, ఆగని దగ్గు. లాంతరు వెలుగులో కిషన్ పెట్టె ముందు కూర్చుని నన్ను చూసి నవ్వాడు.

"భయపెట్టి సంపినవ్ గదరా! ఏమైంది?"

"ఏం గాలేదే. కూసో."

గొంతు వాడిదే. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఒక్కసారి కూడా దగ్గలేదు.

అప్పుడే సెట్టు గరగరలాడింది. అందులోంచి ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు సాయంత్రం నుంచీ విన్నదే.

"అన్నా... పేరు... జెప్పకు..."

నా ఎదురుగా ఉన్న కిషన్ సెట్టు చప్పుడు తగ్గించాడు. మైకు నా చేతిలో పెట్టాడు.

"నీ పేరు గూడ కలుపన్నా."

నేను వెనక్కి జరిగాను. ఇందాకటి దగ్గు మళ్లీ వస్తుందని తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాను.

రాలేదు.