నాలుగు సెంటీమీటర్ల తేడా

"చెక్క నౌకలో కూర్చుని మనిషి ఎలా చచ్చిపోతాడు సార్?"

హయాత్ బాషా ఆ ప్రశ్న అడిగేసరికి మల్లికార్జునరావు షట్టర్ సగం దించుతున్నాడు. దుబాయ్‌లోని నైఫ్ బజారు సందులో సూట్‌కేసులు అమ్మే ఆ దుకాణం పేరుకే దుకాణం. ఐదు నిమిషాల క్రితం హయాత్ లోపలికి వచ్చి, "ముప్పై కిలోలకు ఆగే పెట్టె ఉందా?" అని అడిగాడు. "ఇరవై తొమ్మిదికే హ్యాండిల్ ఊడుతుంది" అన్నాడు రావు. కోడ్ సరిపోయింది. ఏజెన్సీలో అతన్ని నడిపించే హ్యాండ్లర్ రావే. కుర్చీ చూపించాడు. టేబుల్ మీద ఒక ఫోటో పడింది.

ఫోటోలో తోటి ఏజెంట్ షాహబాజ్. అంతరిక్ష నౌక మధ్య సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఒంటి మీద గీత కూడా లేదు.

"హార్ట్ ఎటాక్ అని రిపోర్టు" అన్నాడు రావు.

"ముప్పై నాలుగేళ్లు సార్ వాడికి. ట్రైనింగులో నాకంటే ముందు పరిగెత్తేవాడు."

"అందుకే నిన్ను పిలిచాను."

బ్రీఫింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. 'ఆరోహి' అనే కొత్త నౌక. ముగ్గురు మనుషుల్ని మోసుకెళ్లాలి. అసలు నౌకకు ముందు అదే సైజులో ప్లైవుడ్‌తో, ఫోమ్‌తో ఒక మాకప్ చేస్తున్నారు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక వర్క్‌షాపులో. కంప్యూటర్ డ్రాయింగులో అందే స్విచ్, స్పేస్ సూట్ తొడుక్కున్న చేతికి అందకపోవచ్చు. లోపలికి దూరే తలుపు, హ్యాచ్‌లో భుజం ఇరుక్కోవచ్చు. అవన్నీ చెక్కలో ఉండగానే బయటపడాలి. లోహంలోకి వెళ్లాక దిద్దడం కుదరదు.

"గురువారం పది గంటలకు రివ్యూ. ముగ్గురు వ్యోమగాములూ సూట్లు వేసుకుని లోపల కూర్చుంటారు. హ్యాచ్ మూసి నలభై నిమిషాల టెస్ట్. ఈ నౌక ఎగరకూడదని ఒక దేశం కోరుకుంటోంది. దాని తరఫున పనిచేసే ముఠా పేరు హార్బర్. షాహబాజ్ అక్కడ ఎలక్ట్రీషియన్ వేషంలో ఉండి ఏదో కనిపెట్టాడు. చెప్పేలోగా పోయాడు."

"లోపల మనవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"తరన్నుమ్. హైదరాబాద్ అమ్మాయి. మాకప్ డిజైన్ మొత్తం ఆమెదే. హార్బర్ ఆమెను కొనేశామనుకుంటోంది. కానీ మూడేళ్లుగా మనకే పనిచేస్తోంది. కోడ్ నేమ్ ముత్యం. నువ్వెవరో ఆమెకు తెలియదు, తెలియనివ్వకు."

రావు ఒక వడ్రంగి పెన్సిల్ చేతిలో పెట్టాడు. గాలిలో ఏ విషవాయువు ఉన్నా దాని చివర ఎర్రగా వెలుగుతుంది. లేకపోతే ఆకుపచ్చ. హయాత్ దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. అతనికి వడ్రంగి వేషం కొత్త కాదు. ఏజెన్సీలో చేరకముందు నెల్లూరు కర్రల అడితిలో ఐదేళ్లు బాడిశ పట్టినవాడు.

అల్ కుసైస్‌లోని కార్మికుల క్యాంపులో అతనికి దొరికిన మంచం షాహబాజ్‌ది. దిండు కింద ఎవరూ తీయని ఒక జత సాక్సులు ఉన్నాయి. హయాత్ వాటిని అక్కడే ఉంచి, అలారం పెట్టుకుని పడుకున్నాడు.

బుధవారం ఉదయం అతను మొదటిసారి నౌకను చూశాడు. షెడ్డు మధ్యలో, నడుం ఎత్తు వేదిక మీద, గంట ఆకారంలో ఉంది. దగ్గరికి వెళ్తే ప్లైవుడ్ వాసన. స్విచ్‌లన్నీ కాగితం మీద ప్రింట్ చేసి అతికించినవే. హయాత్ వంగి లోపలికి దూరి మధ్య సీట్లో కూర్చున్నాడు. షాహబాజ్ చనిపోయిన సీటు అదే.

ఫోర్‌మన్ ఏసుబాబు అమలాపురం వైపు మనిషి. పదహారేళ్లుగా షార్జాలోనే ఉంటున్నాడు. "ఇది బొమ్మ అనుకోకండి బాషా గారూ" అన్నాడు. "ఇందులో కొలతే ప్రాణమండి. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా ముదీర్, అదే మన మేనేజరు, ఊరుకోడు."

హయాత్ టేపు తీశాడు. సీటు నుంచి ప్యానెల్‌కు, నేల నుంచి హ్యాచ్‌కు, అన్నీ డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి. సీట్ల వెనక గోడ దగ్గర మాత్రం ఆగిపోయాడు. డ్రాయింగులో ఉన్నదానికంటే గోడ నాలుగు సెంటీమీటర్లు లోపలికి వచ్చి ఉంది. మళ్లీ కొలిచాడు. అదే నాలుగు. వేలి మెటికతో కొట్టి చూస్తే డొల్ల చప్పుడు.

"ఏం కొలుస్తున్నవ్ హయాత్ భాయ్?"

హ్యాచ్‌లోంచి ఒక ముఖం వంగి చూస్తోంది. ముత్యాల రంగు హిజాబ్, కాటుక కళ్లు, మెడలో ఐడీ కార్డు. అంత దుమ్ములోనూ ఆమె బట్టల మీద ఒక్క మరక లేదు.

"గోడ ముందుకొచ్చింది మేడమ్."

"రివిజన్ సి. సౌండ్ టెస్ట్ కోసం నేనే ఫోమ్ కొట్టించిన. హ్యాచ్‌కు రబ్బరు కూడా అందుకే." తరన్నుమ్ నవ్వింది. "నీకు ముందు ఒక ఎలక్ట్రీషియన్ ఉండె. ఆయన కూడా గీ గోడనే కొలిచిండు."

ఆమె వెళ్లిపోయింది. హయాత్ చెవి మీది పెన్సిల్ తీసి గోడ అంచుల వెంట తిప్పాడు. ఆకుపచ్చ. ఎక్కడా ఎరుపు లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏసుబాబును కదిలించాడు. "ఆ వెనక గోడ ఎవరు పెట్టారన్నా?"

"మేం కాదండి. సెలవు రోజున మేడమ్ గారు బయట మనుషుల్ని తీసుకొచ్చారు. మేం వచ్చేసరికి పని ఖలాస్. హ్యాచ్ హ్యాండిల్ కూడా వాళ్లే మార్చారండి."

హయాత్ రావుకు ఫోన్ చేశాడు. చూసిందీ విన్నదీ చెప్పి, రివ్యూ ఆపించమన్నాడు.

"పెన్సిల్ ఏమంది?"

"ఆకుపచ్చే సార్."

"అయితే దేనికని ఆపించను? ముత్యం ఈ ఉదయమే కబురు పంపింది. హార్బర్ రేపు డ్రాయింగులు ఫోటో తీయబోతోందట, గేటు దగ్గర కాపు కాయమంది. నువ్వెవరో తెలియకపోయినా ఎలక్ట్రీషియన్ సంగతి చెప్పిందంటే అది హెచ్చరిక. ఆమెను నమ్ము."

హయాత్ "సరే సార్" అన్నాడు.

గురువారం గేటు దగ్గర కాపలాకు మల్లికార్జునరావు మనుషులు ఉన్నారు. హయాత్ మాత్రం షెడ్డులోనే ఏదో పని కల్పించుకుని ఉండిపోయాడు. పది గంటలకు ఇద్దరు మగవాళ్లు, ఒక మహిళ తెల్ల సూట్లలో లోపలికి దూరారు. అవి టెస్ట్ సూట్లు, గాలి సరఫరా లేనివి. అందుకని హెల్మెట్ అద్దాలు పైకి ఎత్తి ఉన్నాయి. రివ్యూ బృందం నౌకకు అవతల, పైన గ్యాలరీ అద్దాల వెనక కూర్చుంది. ఇవతల వైపు ఎవరికీ కనిపించని చోట తరన్నుమ్ కన్సోల్ ముందు స్టాప్‌వాచ్‌తో నిలబడింది. హ్యాచ్ మూసుకుంది.

స్పీకర్‌లో కమాండర్ గొంతు స్పష్టంగా వినిపించింది. ఒక్కో స్విచ్ నంబరు చెప్పి, చెయ్యి అందిందో లేదో చెబుతున్నాడు. ఒకటి, అందింది. రెండు, అందింది. ఆరో నిమిషంలో లోపల ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియదు. ఏడో నిమిషంలో కమాండర్, "పదకొండు, అందింది" అన్నాడు. కాసేపాగి, "పదకొండు" అన్నాడు. మళ్లీ "పదకొండు" అన్నాడు. గొంతులో బాధ లేదు. నిద్రపోతూ మాట్లాడుతున్న మనిషి గొంతులా ఉంది.

హయాత్‌కు రావు చూపిన ఫోటో గుర్తొచ్చింది. అందులో షాహబాజ్ ముఖంలోనూ ఏ బాధా లేదు.

కన్సోల్ వైపు చూశాడు. గ్యాలరీకి వెళ్లే ఆడియో స్విచ్ ఆఫ్‌లో ఉంది. పైవాళ్లకు తెర మీద ముగ్గురు బుద్ధిగా కూర్చున్నట్టే కనిపిస్తూ ఉంటుంది. వేదిక కింద చూస్తే లేజర్ కటింగ్ మెషీన్‌కు వాడే నైట్రోజన్ సిలిండర్లు వరుసగా ఉన్నాయి. ఈ షెడ్డులో వాటిని ఎవరూ అనుమానించరు. ఒకదాని నుంచి సన్నటి గొట్టం పైకి, ఆ నాలుగు సెంటీమీటర్ల గోడలోకి వెళ్తోంది.

నైట్రోజన్ విషం కాదు. అందుకే పెన్సిల్‌కు తెలియలేదు. అది ఊపిరాడే గాలిని బయటికి నెట్టేసి ఆ చోట తాను కూర్చుంటుంది, అంతే. మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా ఉండదు.

అతను ఎగిరి హ్యాచ్ హ్యాండిల్ పట్టుకున్నాడు. అది గిర్రున తిరిగిపోయింది. లోపల గడియతో దానికి సంబంధమే లేదు.

"టెస్ట్ మధ్యలో హ్యాచ్ తెరవొద్దు హయాత్ భాయ్." తరన్నుమ్ చేతిలో స్టాప్‌వాచ్ లేదు. సైలెన్సర్ బిగించిన చిన్న పిస్తోలు ఉంది. "ఇంకో మూడు నిమిషాలు ఆగు. నీతోని నాకేం పగ లేదు."

"షాహబాజ్‌తో ఏం పగ?"

"ఏం లేదు. ఎంత సేపు పడుతదో చూడాలె కదా."

హయాత్ వెనక్కి ఒక అడుగు వేశాడు. నడుముకు బెంచీ తగిలింది. బెంచీ మీద పొద్దుటి రంపపు పొట్టు గుట్టగా ఉంది. పక్కనే దాన్ని ఊది శుభ్రం చేసే కంప్రెసర్ పైపు. చేతిని వెనక్కి పోనిచ్చి ట్రిగ్గర్ నొక్కాడు. పొట్టు మొత్తం లేచి ఆమె కళ్లల్లో పడింది. తుపాకీ పేలింది. గుండు అతని చెవిని రాసుకుంటూ పోయి ప్లైవుడ్‌లో దిగబడింది. ఎక్కడి నుంచి వచ్చాడో ఏసుబాబు, ఆమె మణికట్టు రెండు చేతులా పట్టి నేలకు అదిమేశాడు.

"ఏంటండీ ఇది, బాషా గారూ?"

"అన్నా, ఆమెను వదలొద్దు. వేదిక కింద గొట్టం ఉన్న సిలిండర్ కట్టెయ్యమని ఎవరికైనా చెప్పు."

అసలు నౌక అయితే లోహం. ఎవరూ ఏమీ చేయలేరు. ఇది తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్. చట్రం ఎక్కడుందో, ఎక్కడ లేదో నిన్న టేపు పెట్టి చూసినవాడతను. బాడిశ అందుకుని ఎడమ సీటు పక్కన, చట్రం రెండు కర్రల మధ్య ఖాళీ మీద కొట్టాడు. ఒకటి, రెండు. చెక్క చిట్లింది. నాలుగో దెబ్బకు పిడికిలంత రంధ్రం పడింది. కంప్రెసర్ పైపు అందులోకి దూర్చి, ట్రిగ్గర్ మీద తీగ చుట్టేశాడు. లోపలికి గాలి బుస్సుమంటూ దూసుకెళ్లింది.

స్పీకర్‌లో ఏ చప్పుడూ లేదు.

మళ్లీ కొట్టాడు. చేతులకు పేళ్లు గుచ్చుకుని రక్తం కారుతోంది. రంధ్రం కిటికీ అంత అయింది. తల లోపలికి పెట్టాడు. దగ్గర్లో ఉన్న మహిళ తల ముందుకు వాలిపోయి ఉంది. పెదాలు నీలం. ఆమె గడ్డం పట్టి పైకెత్తి గాలి పైపు ముఖం వైపు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆమె గట్టిగా ఊపిరి పీల్చి దగ్గింది. ఆ దగ్గు వెనకాలే చీకట్లోంచి ఇంకో దగ్గు. కొంచెం ఆలస్యంగా కమాండర్ గొంతు, బొంగురుగా: "పన్నెండు... అందలేదు."

హయాత్ గాలి పైపును అతని వైపు తిప్పాడు.

తరన్నుమ్‌ను తీసుకెళ్లేటప్పుడు ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది. "ఎన్ని నిమిషాలైంది?" మల్లికార్జునరావు ఆమె వైపు చూడలేకపోయాడు.

వారం తర్వాత కూడా హయాత్ వడ్రంగి వేషం వదలడానికి లేదు. హార్బర్ మిగతా మనుషులు దొరికేదాకా అక్కడే ఉండమని ఆర్డర్. బయటికి మాత్రం జరిగింది గ్యాస్ లీకేనని చెప్పారు. అతనెవరో తెలియని ముదీర్, పిలిచి వార్నింగ్ లెటర్ చేతికిచ్చాడు. అనుమతి లేకుండా క్లయింట్ వస్తువును ధ్వంసం చేసినందుకు. హయాత్ బుద్ధిగా సంతకం పెట్టాడు.

మర్నాడు కొత్త డ్రాయింగు వచ్చింది. ప్రమాదంలో లోపలివాళ్లకు స్పృహ తప్పితే బయటినుంచి కాపాడే దారి లేదని రివ్యూలో తేలిందట. రివిజన్ డి ప్రకారం ఎడమ సీటు పక్కన ఎమర్జెన్సీ ప్యానెల్ పెట్టాలి. సరిగ్గా అతను కొట్టిన చోటే.

ఏసుబాబు డ్రాయింగు పరిచి, పెన్సిల్ అతని చేతికిచ్చాడు.

"ఈసారి గీత గీసుకుని కొయ్యండి బాషా గారూ."